నూలున్నర

డెబ్బై నాలుగో సంవత్సరం చిత్తకార్తె వెళ్లిపోయే రోజుల్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, మా అన్నయ్య శౌరయ్య తడి తువ్వాలులో వరి దుబ్బు ఒకటి చుట్టుకుని బెజవాడలో మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. మూడు రోజులుగా ముసురు. పామర్రు దగ్గర రోడ్డు మీద నీళ్లు పారుతుంటే బస్సు ఆపేశారట. మోకాటి లోతున నడిచి అవతల ఇంకో బస్సు పట్టుకున్నాడట. గేటు కాసే అతను తువ్వాలు చూసి, లోపల ఆవులేమీ లేవయ్యా, గడ్డి ఎవరికి తెచ్చావు అన్నాడు. అన్నయ్య నవ్వలేదు. అన్నం తిన్నావా అని అడిగాను.  తువ్వాలు విప్పి, దుబ్బులోంచి ఒక పిలక తెంపి, బొటనవేలి గోటితో దాని పొట్ట చీల్చి నా ముందు పెట్టాడు. లోపల కంకి ఇంకా లేత తెలుపు. గింజలో పాలు కూడా పడలేదు.

“నిన్న తెల్లారేసరికి మునిగింది తమ్ముడూ,” అన్నాడు. “ఏడు రోజులు ఓర్చుకుంటది. ఆపైన కుళ్లుద్ది. ఇవాళ రెండోది.”

అది మా పేటలో ముప్పై ఆరు కుటుంబాలకు సొసైటీ పేరు మీద ప్రభుత్వం ఇచ్చిన భూమి. చల్లపల్లికి దిగువన, సముద్రం వైపు ఉంటుంది. ఎవరికీ పనికిరాని పల్లం కాబట్టి మీకిచ్చారని ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. మావాళ్లు చుట్టూ కట్ట పోశారు, జమ్ము పీకారు, రెండేళ్లు వాన నీళ్లు పెట్టి ఉప్పు కడిగారు. మూడో ఏడు, అంటే ఆ ఏడే, మొదటిసారి చేను చేనులా నిలబడింది. మా నాన్న, ఆయన నాన్న, అందరూ ఒకరి చేలో వరి కోసి ఒకరి కళ్లంలో కుప్పేసి వచ్చినవాళ్లే. సొంత చేలో కొడవలి పెట్టే రోజు కోసం అన్నయ్య కొత్త కొడవలి చేయించి చూరులో దోపి ఉంచాడు. అతని వాటా ఎకరం డెబ్బై సెంట్లు. పల్లంలో పల్లం అది.

కట్ట లోపల నిలిచిన నీళ్లను మురుగు కాలవలోకి ఎత్తిపోయడానికి ఒక పెద్ద పంపు కావాలి. ఎండాకాలంలోనే దాన్ని మా ఫ్యాక్టరీలో ఆర్డరు పెట్టించింది నేను. మన సొలొమోను అక్కడే ఉన్నాడు గదా, వాడు చూసుకుంటాడు అని మీటింగులో అందరూ అన్నారు. నేను తల ఊపాను. కట్ట మీద దిమ్మ కట్టారు, ఆయిలింజను వచ్చింది. పంపు ఒళ్లంతా తయారై మా షెడ్డులో కూర్చుంది. లేనిదల్లా ఇంపెల్లరు, అంటే పంపు కడుపులో తిరిగి నీటిని విసిరే చక్రం. ఆ కాలవలో ఉప్పు నీరు కలుస్తుంది కాబట్టి ఇనుముతో వద్దు, రాగిలో తగరం కలిపిన గన్‌మెటల్‌తో పోయాలన్నారు. మా ఫ్యాక్టరీలో చెయ్యనిది లేదు. చెరకు ఫ్యాక్టరీలకు రసం తోడే పంపులు, రైసుమిల్లుల చక్రాలు, సిమెంటు ఫ్యాక్టరీల పళ్లచక్రాలు, కాలవ లాకుల మరలు, ఎవరికేది కావాలంటే అది. చెరకు ఆడే రోజులు దగ్గరికొస్తే వాళ్ల పని ముందుకు జరుగుతుంది, చిన్నవాళ్ల పని వెనక్కి. మా పేట పని అలాగే వెనక్కి పోయింది. నేను అడగాల్సినన్ని సార్లు అడగలేదు. ఆ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను.

వర్క్స్ మేనేజరు వెంకటప్పయ్య గారి దగ్గరికి ఆ దుబ్బు పట్టుకునే వెళ్లాను. ఆయనా వ్యవసాయం ఉన్నవాడే. పిలకను వేళ్ల మధ్య తిప్పి చూసి, బల్ల మీద పెట్టారు. సోమవారం పొద్దున్నకి అచ్చు ఇస్తే ఆ రోజే పోయిస్తాను, మంగళవారం నుంచి కొలిమి మళ్లీ చెరకువాళ్లది, అంతకు మించి నా చేతిలో లేదు అన్నారు.

అచ్చు చేసేది మేమే. నేనూ, మా మేనమామా. ఆమోసు మేస్త్రి అంటే బెజవాడ పోతషాపుల్లో తెలియనివాళ్లు లేరు. ఆయన కూతురు తెరేసమ్మనే నేను చేసుకున్నాను. ఆయన మా ఇంట్లోనే ఉండేవాడు. కొయ్యతో అచ్చు చేసి, దాన్ని ఇసుకలో అదిమి తీస్తే గుంత పడుతుంది. ఆ గుంతలో లోహం పోస్తారు. వినడానికి ఇంతే.

అయితే కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అందుకని అచ్చు అసలు కొలత కంటే కాస్త పెద్దది చెయ్యాలి. ఎంత పెద్దదో ప్రతిసారీ లెక్కగట్టే పని లేకుండా మా పనివాళ్లకు వేరే స్కేలుంటుంది. దాని మీద అడుగు అందరి అడుగు కాదు. ముడుచుకునే మేరకు సాగదీసి గీసిన అడుగు. అంగుళంలో ఎనిమిదో వంతును వడ్రంగులం నూలు అంటాం. ఇనుము అడుక్కి నూలు ముడుచుకుంటుంది. గన్‌మెటల్ నూలున్నర. మావయ్య తన చేత్తో చేసుకున్న టేకు స్కేలుకు ఒక ముఖాన ఇనుము కొలత, రెండో ముఖాన గన్‌మెటల్ కొలత. ఊరికే చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. షాపులో అందరూ దాన్ని దొంగ స్కేలు అనేవాళ్లు. లోహం చెక్కే లేతు మిషను మీద పనిచేసే బసవయ్య, ఆ స్కేలు ఒక్కరోజు అరువిస్తే గవర్నర్‌పేట బట్టల కొట్టుకు తీసుకెళ్లి మా ఇంటిదాని రవికగుడ్డ దీంతో కొలిపిస్తానని ప్రతి పండగకీ అదే జోకు వేసేవాడు.

ముఖం తప్పకుండా ఉండటానికి మావయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. స్కేలు చెక్క మీద ఆనించిన ప్రతిసారీ “ఏ ముఖం?” అని అడుగుతాడు. ఆనించినవాడు తిప్పి చూసి, ఇనుమనో గన్‌మెటలనో చెప్పాలి. చెప్పాకే గీత పడుతుంది. రోజుకు వందసార్లయినా అంతే. సాయంత్రం ఇంట్లో జపమాల చెప్పేటప్పుడు సగం ఒకరంటే సగం మిగతావాళ్లు అందుకుంటారు చూడండి, మా పని అలా నడిచేది. అది చాలదన్నట్టు గన్‌మెటల్ ముఖం అంచున, బొటనవేలు ఆనే చోట, చిన్న గాటు కూడా పెట్టాడు.

రెండేళ్లుగా ఆయన కళ్లకు పొరలు కమ్మాయి. అంకెలు కనపడవు. ఆ సంగతి ఆయనకూ నాకూ తెరేసమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. స్కేలు అంచు ఆయన బొటనవేలితో అదిమి పట్టుకుంటే కొలత నేను చదివేవాణ్ణి. ఉలి ఆయన పట్టేవాడు. ఇంపెల్లరు రెక్కల వంపు తీయడం మాత్రం నా వల్ల కాదు, ఇంకొకరి వల్లా కాదు. రెక్క మీద అరచెయ్యి పెట్టి రాస్తే ఎక్కడ వెంట్రుకవాసి ఎత్తుందో ఆ చేతికి తెలిసేది.

శనివారం చెక్కలు అతికించాం. ఆదివారం తెల్లవారుతూనే షెడ్డు తెరిచాం. పైన రేకుల మీద వాన. చర్చిలో మొదటి పూజ వేళకి మావయ్య ఉలి కింద పెట్టి శిలువ గుర్తు వేసుకుని మళ్లీ ఉలి అందుకున్నాడు. ఆదివారం పని చెయ్యొచ్చా మావయ్యా అని అడిగాను. గుంటలో పడ్డ గొడ్డుని సోమవారం దాకా ఉండమంటామా అల్లుడూ, పట్టు అన్నాడు. నా మనసు అక్కడ లేదు. నాలుగో రోజు, నాలుగో రోజు అని లోపల ఒకటే కొట్టుకుంటోంది. గేటు బయట టీకొట్టు బల్ల మీద అన్నయ్య కూర్చునే ఉన్నాడు. ఊరికి పొమ్మన్నా పోలేదు. కిటికీలోంచి అతని వీపు కనపడుతూనే ఉంది.

పదకొండింటికో ఎప్పుడో, స్కేలు ఆనించగానే మావయ్య మళ్లీ అడిగాడు, ఏ ముఖం అని.

“పొద్దుట్నించీ అదే ముఖం గదా మావయ్యా,” అన్నాను. “ప్రతి గీతకీ అడగాలా? అక్కడ చేను చస్తా ఉంటే ఇక్కడ మనం జపం చేస్తన్నామా?”

మావయ్య చెయ్యి చెక్క మీద అలాగే ఉండిపోయింది. సరే అల్లుడూ అన్నాడు. మళ్లీ అడగలేదు.

తెరేసమ్మ గొడుగు కింద అన్నం తెచ్చింది. బల్ల మీద చోటు చెయ్యడానికి స్కేలు తీసి పక్కన పెట్టాను. తిని చేతులు కడుక్కుని మళ్లీ స్కేలు అందుకున్నాను. అప్పుడే తిరగబడి ఉంటుంది. తిప్పి చూశానో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పే పని పడలేదు. ఆ తర్వాత గీసింది ఇంపెల్లరు మెడ. పంపు కడుపులో ఒక కడియం లాంటిది ఉంటుంది. మెడ ఆ కడియంలో దాదాపు రాసుకుంటూ తిరగాలి. ఖాళీ ఎక్కువైతే ఎత్తిన నీళ్లు ఆ సందులోంచి వెనక్కి జారిపోతాయి. ఇరవై అంగుళాల మెడ అది.

చీకటి పడేలోపు అచ్చు అయిపోయింది. మావయ్య రెక్కలన్నీ ఒక్కొక్కటే తడిమాడు. మెడ దగ్గర చెయ్యి ఆగింది. ఏమైనా అంటాడేమో అనుకున్నాను. ఏమీ అనకుండా తువ్వాలు దులుపుకుని లేచాడు.

సోమవారం పోశారు. మంగళవారం మధ్యాహ్నం ఇంకా గోరువెచ్చగా ఉండగానే బసవయ్య దాన్ని లేతుకు ఎక్కించాడు. అన్నయ్యని లోపలికి రానిచ్చారు. పచ్చటి లోహం మీద మొదటి చెక్కుడు మెరుస్తూ ఉంటే అతని ముఖం కూడా కాస్త తేటపడింది. బసవయ్య మిషను ఆపి మెడకు లావు కొలిచే కాలిపరు పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. మూడోసారి చూసి, నన్ను దగ్గరికి పిలిచాడు.

“దీని మీద చెక్కడానికి చర్మమే లేదోయ్ సొలొమోనూ,” అన్నాడు మెల్లగా. “దగ్గర దగ్గర నూలు తక్కువ. ఇనుము కొలత పెట్టారా ఏంది?”

ఈసారి జోకు వెయ్యలేదు.

వెంకటప్పయ్య గారు వచ్చారు. ఆయన కూడా కొలిచారు. కాలిపరు బసవయ్య చేతికిచ్చి, ఈ కొలత ఎవరు పెట్టారు అని అడిగారు. కోపంగా అడగలేదు. చుట్టూ నలుగురైదుగురు చేరారు. నా గొంతులో మాట ఉంది. వెనకే అన్నయ్య ఉన్నాడు. ఒకటి రెండు క్షణాలు గడిచాయి. అంతకంటే ఎక్కువ లేవు.

“నాదే బాబూ,” అన్నాడు మావయ్య. “కళ్లు సరిగా కనపడట్లా ఈమధ్య.”

ముందే చెప్పొద్దా మేస్త్రీ అన్నారు వెంకటప్పయ్య గారు. మావయ్య తల వంచుకుని నిలబడ్డాడు. నేను బసవయ్య చేతిలో కాలిపరు చూస్తూ నిలబడ్డాను.

తప్పుడు సాక్ష్యం చెప్పకూడదని చిన్నప్పుడు జ్ఞానోపదేశంలో కంఠతా పట్టించారు. నేను ఏ సాక్ష్యమూ చెప్పలేదు. నోరే విప్పలేదు. నోరు విప్పకపోతే అది సాక్ష్యం కిందికి వస్తుందా రాదా అని తర్వాత చాలా ఏళ్లు నాలో నేనే తర్కించుకున్నాను. అంత తర్కించాల్సి వచ్చిందంటేనే జవాబు నాకు తెలుసన్నమాట.

మళ్లీ పోయాలంటే వచ్చే సోమవారం దాకా కొలిమి ఖాళీ లేదు. ఇదే బిగిస్తే ఎత్తిన నీళ్లలో మూడో వంతు వెనక్కే జారుతుంది, కాలవలో నీళ్లు పెరిగినప్పుడు అసలు ఎత్తకపోవచ్చు, మీరే చెప్పండి అన్నారు వెంకటప్పయ్య గారు. అన్నయ్య నా వంక తిరిగి, నువ్వేమంటావురా అని అడిగాడు. ఆరో రోజు. బిగించమన్నాను.

లారీ వచ్చేలోపు ఇంటికి వెళ్లి బట్టలు తీసుకున్నాను. తెరేసమ్మ చద్ది మూట కడుతోంది. మావయ్య పనిముట్ల పెట్టె అప్పటికే ఇంటికి వచ్చేసి వసారాలో ఉంది. ఇంక ఇంటి దగ్గరే విశ్రాంతిగా ఉండమని మర్యాదగానే చెప్పారట. ఆయన పెట్టె పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తెరేసమ్మ ముడి బిగిస్తూ, తల ఎత్తకుండా అంది.

“నాన్న కొలతలు పెట్టి రెండేళ్లయింది గదా.”

లారీ ఎదురుచూస్తోందని చెప్పి బయటికి వచ్చేశాను.

ఏడో రోజు మధ్యాహ్నం ఇంజను తిరిగింది. గొట్టం మూతి దగ్గర పేటంతా నిలబడి ఉంది. ముందు గాలి వచ్చింది, తర్వాత బురద, తర్వాత నీళ్లు. ఆడవాళ్లు మరియతల్లి పేరు ఎత్తుకుని ఏడ్చారు. వదిన ఆదెమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, నీ కడుపు చల్లగుండ అంది. ఆ చెయ్యి ఎంత బరువుందో నాకే తెలుసు. చేలో పాతిన గుర్తు పుల్ల దగ్గర సాయంత్రానికి నీళ్లు రెండు వేళ్లు తగ్గాయి.

ఆ తర్వాత పోటు వచ్చింది. సముద్రం పోటు తన్నితే మురుగు కాలవ పైకి లేస్తుంది. అప్పుడు నీటిని అంత ఎత్తుకు తొయ్యాలి. కొలత సరిగా ఉన్న ఇంపెల్లరు తొయ్యగలిగేది. ఇది తొయ్యలేకపోయింది. ఇంజను అదే మోతతో తిరుగుతున్నా గొట్టం మూతి దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. పోటు తగ్గితే మళ్లీ ఎత్తేది. పోటొస్తే మళ్లీ చేతులెత్తేసేది. తగ్గిన రెండు వేళ్లలో ఒక వేలు మళ్లీ నిండేది, పైనుంచి వాన కూడా ఆగలేదు.

అందరూ గూడలు తెచ్చారు. చెరో పక్కా తాళ్లు పట్టుకుని గూడ ముంచి కట్ట మీదుగా విసరడం. నేనూ అన్నయ్యా ఒక గూడకు నిలబడ్డాం. రెండు రోజులు విసిరాం. అరచేతులు చిట్లి తాడు ఎర్రబడింది. నడుములు పడిపోయి జక్కయ్య అనే ముసలాయన కట్ట మీదే వెల్లకిలా పడుకుని, ఓరే, ఈ నీళ్లన్నీ నేను తాగేస్తా, నాకు కాస్త ఉప్పుచేప పడెయ్యండి అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు. మళ్లీ ముంచారు.

గూడ విసురుతూ నేను ప్రార్థించాను. ప్రభువా, ఈ ఒక్క పూట సముద్రాన్ని ఆపు అని. ఒక నూలు మేర నేను చూసుకోవాల్సింది చూసుకోకుండా, ఆయన్ని సముద్రాన్ని ఆపమనడం ఏం న్యాయమో నాకు అప్పుడు తోచలేదు. ఆయన ఆపలేదు. నేను ఆయన స్థానంలో ఉన్నా ఆపేవాణ్ణి కానేమో.

తొమ్మిదో రోజు మెరక చేలు బయటపడ్డాయి. ఆకుల మీద బురద పట్టి ఉన్నా పొట్ట గట్టిగా ఉంది, సగం చేతికి వస్తుందన్నారు. పల్లంలో పదకొండు కుటుంబాల చేను పన్నెండో రోజుకి గానీ తేలలేదు. అప్పటికే వాసన వేస్తోంది. అన్నయ్య చేలోకి దిగి ఒక దుబ్బు పట్టుకుని లాగాడు. వేళ్లతో సహా వచ్చేసింది. పొట్ట చీల్చి చూశాడు. చేతిని లుంగీకి తుడుచుకున్నాడు.

గట్టెక్కి నా పక్కన కూర్చుని, పైవాళ్లకి మిగిలింది, ప్రభువు దయ అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు.

“పెద్దాయన్ని ఎవరూ ఒక్క మాట అనొద్దని అందరికీ చెప్పా. చూపు లేనోడు. మన కోసం ఆదివారం కూడా చేశాడు.”

అదీ విని ఊరుకున్నాను.

నవంబరు చివర వెంకటప్పయ్య గారు నన్ను పిలిచి, సొసైటీ పంపుకు సరైన ఇంపెల్లరు మన బాధ్యత మీద పోసి ఇద్దాం, అచ్చు చెయ్యి అన్నారు. మెడ సరిచేస్తే సరిపోదు, పోత కోసం ఇసుకలో అదిమీ పీకీ పాత అచ్చు రెక్కలు కూడా రెండు విరిగాయి. ఆ వంపులు నా చేతికి లొంగలేదు. మూడు రోజులు చూసి, అచ్చును గోనెలో చుట్టి ఇంటికి తెచ్చాను. మావయ్య వసారాలో కూర్చునే ఉన్నాడు. ఆయన మాట బాగా తగ్గిపోయింది. పొద్దున లేచి, ఫ్యాక్టరీ సైరను వేసే వేళకి చొక్కా వేసుకునేవాడు, వేసుకుని అక్కడే కూర్చునేవాడు. అచ్చు ఆయన ఒళ్లో పెట్టగానే చేతులు వాటంతటవే రెక్కల మీదికి వెళ్లాయి.

స్కేలు ఆనించాను. ఆయన అడుగుతాడేమోనని ఆగాను. అడగలేదు.

“గన్‌మెటల్ మావయ్యా,” అన్నాను నేనే.

ఆయన బొటనవేలు అంచు వెంట జరిగి గాటు మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది.

“ఆ రోజు ఇది తగల్లేదు అల్లుడూ,” అన్నాడు.

 మరి చెప్పలేదేం మావయ్యా అని అడిగాను.

“అడగొద్దన్నావు గదా.” ఊపిరి తీసుకున్నాడు. “అది కాదులే. అది సాకు. కళ్లు పోయినట్టే వేలు కూడా మొద్దుబారిందేమో అనుకున్నా. అడిగితే ఆ సంగతి నీకు తెలిసిపోద్ది. వేలు కూడా పోతే ఇంక నేనెందుకు షాపుకి?”

వంటింట్లో తెరేసమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. మావయ్య, గీత పెట్టు, వెలుతురు పోతోంది అన్నాడు. గీశాను. ఆ సాయంత్రం ఒక్కో గీతకీ నేనే ముఖం చెప్పాను. ఆయన ఒక్కోసారీ ఊ అన్నాడు.

డిసెంబరు రెండో వారంలో కొత్త ఇంపెల్లరు తీసుకుని ఒక్కణ్ణే ఊరు వెళ్లాను. కోతలు నడుస్తున్నాయి. సొసైటీ మెరక చేలు కోసి పనలు వేశారు. పల్లం మాత్రం నల్లగా, అక్కడక్కడ జమ్ము మళ్లీ మొలిచి ఉంది. కట్ట మీద ఎవరూ లేరు. అన్నయ్య వేరే ఊరి ఆసామి చేలో కూలికి కోస్తున్నాడు. వదిన కబురు పెడితే, అక్కడి నుంచి వచ్చాడు. నడుముకి కొడవలి ఉంది. చూరులో దాచినదే.

ఇద్దరం కలిసి పాతది విప్పి కొత్తది బిగించాం. మెడ కడియంలో కూర్చుంటే మధ్యలో కాగితం పట్టేంత సందే మిగిలింది. చేలో నీళ్లు లేవు కాబట్టి పరీక్షకు పీల్చే గొట్టం కాలవలో పెట్టి ఇంజను తిప్పాను. పోటు వేళ అది. కాలవ నిండుగా ఉంది. గొట్టం మూతి ఒక్కసారి గర్జించి, నిండా, మనిషి నడుమంత లావున నీళ్లు విసిరింది. చాలా దూరం పడ్డాయి. మళ్లీ వచ్చి పడ్డాయి. ఆగకుండా పడుతూనే ఉన్నాయి. అన్నయ్య దగ్గరికి వెళ్లి ఆ నీళ్లలో చెయ్యి పెట్టాడు. నీళ్ల జోరుకు చెయ్యి పక్కకి పోయింది. మళ్లీ పెట్టాడు.

ఇంజను మోతలో వినపడాలని కాస్త గట్టిగానే చెప్పాను.

“అన్నయ్యా, ఆ కొలత మావయ్యది కాదు. నాది.”

అతను నా వంక చూడలేదు. చెయ్యి నీళ్లలోనే ఉంది.  చెయ్యి తీసి విదిలించాడు.

“ఇంజను ఆపు. ఆయిలు దండగ,” అన్నాడు.

ఆపాను. గొట్టంలో మిగిలిన నీళ్లు గుడగుడమంటూ వెనక్కి జారి కాలవలో కలిశాయి. అన్నయ్య కొడవలి సరిగా దోపుకుని కట్ట దిగి, ఆసామి చేను వైపు నడిచాడు. పది అడుగులు వేశాక ఆగాడు. ఇటు తిరగలేదు.

“అన్నం తిని పో,” అన్నాడు. “మీ వదిన చూస్తా ఉంటది.”